నేను చదవకుండా దాటేసిన లైను

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఇంతవరకు ఎవరికీ, మా అమ్మకు కూడా చెప్పని మాట ఒకటి ముందుగా మీకు చెప్పాలి. రెండేళ్ల క్రితం నవంబరు మొదటి ఆదివారం, మన సంఘంలో సాక్ష్యాలు చెప్పే వేళ, నేనొక కాగితం పట్టుకొని మీ ముందు నిలబడ్డాను. ఆ కాగితంలో పదకొండు లైన్లున్నాయి. నేను పదే చదివాను. ఏడో లైను నా కళ్లకు స్పష్టంగా కనిపించింది, అయినా నోరు దాన్ని దాటేసి ఎనిమిదో లైను అందుకుంది. మీరంతా చేతులెత్తి స్తోత్రాలు చెప్పారు, వెనక బెంచీలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు, నేను తల వంచుకొని వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను.

నాకు నలుగురిలో మాట్లాడటం రాదని మీకు తెలుసు. అందుకే ఈసారి మన సంఘ పత్రికకు రాసిమ్మని పాస్టరయ్యగారు అన్నప్పుడు, దేవుడు నా భయాన్ని కూడా కనికరించాడనుకున్నాను.

నేను ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను, అంటే చెక్క ఫ్రేముకు జాకెట్టు గుడ్డ బిగించి కొక్కెం సూదితో పూసలు, జరీ కుట్టే పని. ఆ సూదిని రోజంతా బొటనవేలితో నొక్కిపట్టి పైకీ కిందికీ ఆడించాలి. పెళ్లిళ్ల సీజను వస్తే ఉదయం ప్రార్థన కాగానే కూర్చుంటే సాయంత్రం దీపాల వేళ దాకా లేచేదాన్ని కాదు. ఆ ఏడాది వానలు తగ్గేసరికి కుడి మణికట్టులో, బొటనవేలు మొదలయ్యేచోట, నొప్పి పుట్టింది. మొదట తడిగుడ్డ పిండితే నొప్పి, తర్వాత తాళం తిప్పితే నొప్పి, ఆ తర్వాత కలం పట్టుకుంటే ప్రాణం పోయినట్టుండేది. చిన్నప్పటినుంచీ డైరీ రాయని రోజు లేదు నాకు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో నచ్చినవాటి గురించి కూడా అందులోనే రాసుకుంటాను. ఆ రోజుల్లో ఎడమచేత్తో వంకర అక్షరాలు రాశాను. ఒక పేజీ నిండా, “ప్రభువా, నా చెయ్యి నాకు తిరిగి ఇయ్యి” అని మాత్రమే ఉంది.

అదే వారంలో రెండు జరిగాయి. పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చి నా మణికట్టుకు నూనె రాసి కన్నీళ్లతో ప్రార్థించారు. మరునాడు, బుధవారం, నేను కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి బజారుకెళ్లి, అమ్మకు చెప్పకుండా, సూదులేసే ఒకాయన దగ్గరకు వెళ్లాను. ఆయన చెయ్యి ఇటూ అటూ తిప్పిచూసి, “ఏటీ కాదమ్మా, ఒక్క సూది, రేపే పనిలో కూకోవచ్చు” అన్నాడు. అందులో ఏ మందుందో నేను అడగలేదు. ఇంకేం అడగాలో కూడా నాకు తెలియదు. ఆ రాత్రి నొప్పి రెట్టింపైంది, దేవుడు కోప్పడ్డాడని ఏడ్చాను. మూడోరోజుకు మంచు కరిగినట్టు నొప్పి పోయింది! అమ్మ ఆనందానికి హద్దు లేదు, నూనె ప్రార్థన ఫలించిందని వీధంతా చెప్పింది, చెయ్యి బాగైతే సాక్ష్యం చెప్పిస్తానని తాను మొక్కుకున్న సంగతి కూడా అప్పుడే బయటపెట్టింది.

నేను కాగితం రాసుకున్నాను. ఏడో లైను ఇది: “బుధవారం నాడు మణికట్టులో సూది కూడా వేయించుకున్నాను.” ఎందుకు చదవలేదంటే, ముందు వరుసలోని పెద్దల ముఖాలు చూశాను, ఆ లైను చదివితే స్తోత్రాలు ఆగిపోతాయనిపించింది. అంతే, సహోదరులారా, అంతకుమించి కారణం లేదు.

ఆ ఒక్క లైను నన్ను ఎలా బంధించిందో వినండి! క్రిస్మస్ జాకెట్ల పని మీద పడేసరికి నొప్పి తిరిగి వచ్చింది. స్వస్థత పొందానని సంఘమంతటి ముందు చెప్పినదాన్ని, ఇప్పుడు చెయ్యి పట్టుకొని మూలిగితే ఎలా? ఆదివారం కరచాలనం చేసేటప్పుడు పళ్లు బిగబట్టి నవ్వాను. మళ్లీ బజారుకెళ్లాను, మళ్లీ సూది, మళ్లీ మరునాడే మగ్గం దగ్గర కూర్చున్నాను. ఈసారి సూది గుచ్చినచోట చర్మం పాలిపోయి, చూస్తుండగానే రూపాయి బిళ్లంత తెల్లమచ్చ అయింది. బొల్లేమోననుకున్నాను. మచ్చ కనబడకుండా వెడల్పు బెల్టు వాచీ పెట్టుకున్నాను. “ఆ వాచీ తియ్యవేటే స్నానానికి కూడా?” అని అమ్మ అడిగితే ఏదో సాకు చెప్పాను.

ఇక మార్తమ్మ అత్తయ్య సంగతి. ఆమె మాకు చుట్టం కాదు, అయినా చిన్నప్పటినుంచీ అత్తయ్యా అనే పిలుస్తాను. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. షుగరుంది. కుడి భుజం పట్టేసి గంజి వార్చడానికి డేగిసా ఎత్తలేకపోయేది. నేను సాక్ష్యం చెప్పినరోజు ముందు చాప మీద కూర్చుని ఆమె కూడా విన్నది. విని, తాను కూడా నూనె రాయించుకుంది, ఆ తర్వాత వచ్చిన శ్రమ దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో, షుగరు బిళ్లలు సరిగా వేసుకోకుండా ఉపవాసాలుంది. భుజం తగ్గలేదు. ఒకరోజు మా ఇంటి గుమ్మంలో కూలబడి అంది: “దీవెనా, నీకు విన్నాడు దేవుడు. నాకెందుకు వినడం నేదే? నా ఇస్వాసంలోనే ఏదో సొట్టున్నాదే తల్లీ.”

ఆ మాట నా గుండెలో దిగింది. సొట్ట ఆమె విశ్వాసంలో లేదు, నా కాగితంలో ఉంది! కానీ అప్పుడైనా నిజం పూర్తిగా చెప్పానా? లేదు. గుసగుసగా సూది సంగతి చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకొని, నేనే వెంటబెట్టుకొని ఆ సూదులాయన దగ్గరకు తీసుకెళ్లాను. ఆమెకు భుజంలో ఒకటి, నాకు మణికట్టులో మూడోది. ఆయన షుగరుందా అని అడగలేదు, ఆమె చెప్పలేదు, నేను చెప్పలేదు.

మూడోరోజు మధ్యాహ్నం బడి నుంచి కబురొచ్చింది, పిల్లలకు వడ్డించి అత్తయ్య కళ్లు తిరిగి పడిపోయిందని. నేను, అమ్మ ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. అత్తయ్య నాలుక ఎండిపోయి, బిందెడు నీళ్లు తాగినా దాహం తీరనట్టు మంచం మీదుంది. డాక్టరమ్మగారు మిషన్‌లో షుగరు చూసి ముఖం మార్చుకున్నారు. ముందురోజుల్లో ఏం తిన్నారు, ఏం మందులు వాడారు, ఏదైనా సూది వేయించుకున్నారా అని అడిగారు.

“ఏటీ నేదండి. ఎండకి తూలాను, అంతే,” అంది అత్తయ్య, నా వైపు చూడకుండా.

నాకు వేసిన ఒట్టు కోసం, ప్రాణం మీదికొచ్చినా, ఆమె నోరు విప్పలేదు! నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకొని ప్రార్థించాను. “ప్రభువా, నాకు మాట రాదని నీకు తెలుసు. ఆరోజు నువ్విచ్చిన మాటను నేనే మింగేశాను. ఈ ఒక్కసారి నా నోరు తెరువు, ఆమెను బతికించు.” ఇంతే నా ప్రార్థన. లోపలికి వెళ్లి, అమ్మ ముందు, నర్సుల ముందు, అందరూ వినేటట్టు చెప్పాను: “భుజంలో సూది వేయించుకుందండి. నేనే తీసుకెళ్లానండి. నాకూ మూడు వేశారండి.” చెబుతూ చెబుతూ వాచీ తీసేశాను. అమ్మ ఆ తెల్లమచ్చ చూసి నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

డాక్టరమ్మగారు తిట్టలేదు. ముందు అత్తయ్యకు సెలైనూ ఇన్సులినూ పెట్టించారు. సాయంత్రం ఆమె తేరుకున్నాక నన్ను కూర్చోబెట్టి, నా మూడు సూదులూ ఎప్పుడెప్పుడు వేశారో అడిగారు. డైరీలో ఆ తేదీల పక్కన చిన్న చుక్క పెట్టుకోవడం వల్ల చెప్పగలిగాను. అయిదు నెలల్లో, ఒకేచోట మూడు.

ఆరోజు ఆమె చెప్పినవన్నీ ఇంటికి వచ్చి రాసుకున్నాను, మీకోసమే దేవుడు రాయించాడని ఇప్పుడనిపిస్తోంది. అవి స్టెరాయిడ్ సూదులట. “సూది చెడ్డది కాదమ్మా, అవసరమైతే నేనూ రాస్తాను,” అన్నారామె. ఆ మందు వాపును తగ్గిస్తుంది, దాంతో నొప్పి కొన్ని వారాలో, కొన్ని నెలలో తగ్గుతుంది, కొందరికి పూర్తిగానే పోతుంది. అయితే అరిగినదాన్ని, తెగినదాన్ని అది అతకదు. మనం నరం అనేది నిజానికి కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిదట. నొప్పి తెలియట్లేదు కదా అని మరునాడే ఆ తాడుతో గట్టి పని చేయిస్తే, మళ్లీ మళ్లీ అక్కడే సూది పొడిపిస్తే, అది బలహీనపడి ఒక్కోసారి తెగిపోతుంది కూడా. “నీ బొటనవేలు ఇంకా పైకి లేస్తోంది, అదృష్టవంతురాలివి,” అన్నారు. అది అదృష్టం కాదు, ప్రభువు కనికరమని నాలో నేను అనుకున్నాను! మొదటిరాత్రి పెరిగిన నొప్పి దేవుని కోపం కాదట, ఒకటి రెండు రోజులు కొందరికి అలా అవుతుందట. కానీ అది తగ్గకుండా పెరుగుతూ ఎర్రగా వాచి జ్వరమొస్తే మాత్రం చీము పట్టిందేమోనని వెంటనే పరుగెత్తాలి. తెల్లమచ్చ బొల్లి కాదు, ఆ మందు చర్మాన్ని తాకితే అలా అవుతుంది, చాలామందికి నెమ్మదిగా రంగు తిరిగొస్తుంది. షుగరున్నవాళ్లకు ఆ సూది తర్వాత కొన్నిరోజులు షుగరు పెరుగుతుంది. అది ముందే తెలిస్తే రోజూ చూసుకుంటారు, మందు సర్దుకుంటారు. అత్తయ్యకు తెలియదు, పైగా ఉపవాసాలతో బిళ్లలు తప్పాయి. షుగరుందని, రక్తం పలచబడే మందులు వాడుతున్నామని, ఒంట్లో ఎక్కడైనా చీమున్న పుండుందని, ఇంతకుముందు ఎన్ని సూదులు పడ్డాయని, గర్భం ఉంటే ఆ సంగతి కూడా, సూదికి ముందే చెప్పాలి. ఏ మందు వేస్తున్నారని, వేశాక ఎన్నాళ్లు ఆ చేతికి విశ్రాంతి ఇవ్వాలని, మళ్లీ ఎన్నాళ్ల దాకా వేయకూడదని మనమే నోరు విప్పి అడగాలి.

నాకిక సూది వద్దన్నారు. బొటనవేలు కదలకుండా పట్టీ ఇచ్చారు, ఆరువారాలు మగ్గం ముట్టొద్దన్నారు, తర్వాత మెల్లగా వ్యాయామాలు. ఆ ఆరువారాలు ఎంత కష్టమో దేవునికే తెలుసు. వచ్చిన జాకెట్లన్నీ వెనక్కి పంపేశాం. అమ్మ మొదటివారం నాతో ముభావంగా ఉంది, రెండోవారం ఒకరోజు పట్టీ మీదుగానే నా చెయ్యి పట్టుకొని ప్రార్థించింది, అందులో సూదీ, డాక్టరమ్మగారూ, నేనూ అందరం ఉన్నాం. ఇప్పుడు గంటకోసారి లేచి చేతిని ఆడిస్తూ కుడుతున్నాను. తెల్లమచ్చ అంచుల నుంచి రంగు తిరుగుతోంది. ఇదంతా కుడిచేత్తోనే రాశాను. దేవునికే మహిమ!

సహోదరులారా, పాస్టరమ్మగారి ప్రార్థన వ్యర్థమైందని నేను అనను. చెయ్యి బాగుచేయమని అడిగితే, ప్రభువు మొదట నా నోటిని బాగుచేశాడు, తర్వాతే చెయ్యి. వైద్యానికి వెళ్లడం అవిశ్వాసం కాదు, ఆ జ్ఞానమిచ్చినవాడు కూడా ఆయనే. స్వస్థత పొందితే సాక్ష్యం చెప్పండి, మందు వాడితే అదీ చెప్పండి, నొప్పి తిరిగి వస్తే సిగ్గుపడక అదీ చెప్పండి. మన ముఖాలు చూసి కాదు, మన నిజం చూసి ప్రేమించే దేవుడాయన. నాలాగా మాట పెగలని వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆయన మీద ఆనుకోండి; ఆసుపత్రి వరండాలో గోడకు ఆనుకొన్న పిల్లకు మాట ఇచ్చినవాడు మీకూ ఇస్తాడు.

నిన్న మధ్యాహ్నం ఈ కాగితాలు తీసుకెళ్లి మార్తమ్మ అత్తయ్యకు మొదటినుంచీ చదివి వినిపించాను. ఏడో లైను సంగతి ఆమె కూడా అప్పుడే విన్నది. చింతపండు గింజలు తీస్తున్న చెయ్యి ఆపింది. తర్వాత, “పడిపోయేనని రాసేవు సరే, పిల్లలకి వడ్డించీసేకే పడ్డానని రాసేవా నేదా?” అంది. రాశానన్నాను. పేరు తీసేయమంటావా అత్తయ్యా అని అడిగాను. “పేరు తీసీడానికి నానేటి దొంగతనం సేసేనా?” అని నవ్వింది. నేను కాగితాలు మడుచుకొని గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచింది.

“ఒలే గుంటా, ఈపాలి ఒక్క లైను కూడా దాటీకు.”