రెండు రింగులు

మొన్న ఆదివారం మా అల్లుడు నాకు కొత్త ఫోన్ కొని తెచ్చాడు. చౌటుప్పల్ దగ్గర ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసే మనిషి, దొరికిన ఒక్క సెలవు రోజున ముసలి మామ ముందు ఓపికగా కూర్చుని, పాత ఫోన్‌లోని నంబర్లన్నీ కొత్తదాంట్లోకి మారుస్తూ, పనిచేస్తున్నాయో లేదో మోగించి చూస్తూ, మధ్యలో ఒకచోట ఆగిపోయాడు. "మామా, గీ భాయ్ అని ఉన్న నంబర్ పనిచేస్తలేదు, తీసేయాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను. ఆయన ఇంకొంచెం కిందికి చూసి, నిన్న సాయంత్రం కూడా నేను ఆ నంబరుకే ఫోన్ చేసినట్టు కనిపెట్టి, తలెత్తి నా కూతురు వైపు చూశాడు. కూతురు నా వైపు చూసింది. ముసలాయనకు మతి తప్పుతోందేమో అన్న అనుమానం ఇద్దరి ముఖాల్లోనూ కనబడింది గానీ, మంచి పిల్లలు కాబట్టి పైకి అనలేదు. పాత దోస్తు నంబరని చెప్పి, నేను మేడ మీది నా గదికి వచ్చేశాను.

నా ఈడువాళ్లకు మిస్డ్ కాల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మాట్లాడితే పైసలు పడతాయి, మోగిస్తే పడవు అన్న చిన్న కిటుకుతో దేశమంతా ఎన్ని సంసారాలు నడిపామో మనకే తెలుసు. బస్సు దిగానని చెప్పడానికి ఒక రింగు, అన్నం వండమని చెప్పడానికి రెండు రింగులు, ఇంటికి చుట్టాలు వచ్చారు తొందరగా రా అని చెప్పడానికి మూడు. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. నవ్వనీ. నన్ను తొమ్మిదేళ్లు బతికించింది అలాంటి రెండు రింగులే.

నేను బస్సు డ్రైవర్‌ని. చిట్యాలలో ఇల్లు, నల్లగొండ వైపు డ్యూటీ. తాగుడు ఎప్పుడు మొదలైందో చెప్పమంటే చెప్పలేను గానీ ఎప్పుడు బయటపడిందో మాత్రం బాగా గుర్తుంది. తెలంగాణ వచ్చిన రెండో ఏడు, పొద్దున్నే డ్యూటీ ఎక్కే ముందు డిపో గేటు దగ్గర, తాగామో లేదో చూసే మిషన్‌లో ఊదాలి. ముందురోజు తాగింది దిగిపోయి ఉంటుందనుకుని, సోంపు నమిలి, ధీమాగా ఊదాను. మిషన్ మోగింది. నా వెనక వరుసలో కండక్టర్లు, డ్రైవర్లు, నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కరూ ఏమీ అనలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. నా బస్సు ఎక్కడానికి అవతల జనం సంచులు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. మత్తు దిగని చేతులతో వాళ్లను ఎన్ని పొద్దులు బస్సులో తీసుకుపోయానో తలచుకుంటే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది.

ఉద్యోగం పోకుండా ఉండాలంటే దవాఖానలో చేరి మానేసి రమ్మన్నారు. నా భార్య మెడలోది కుదువబెట్టి, నన్ను పట్నంలో తాగుడు మాన్పించే వార్డులో చేర్పించి, నా ముఖం వైపు చూడకుండా బస్సెక్కి వెళ్లిపోయింది. ఆ వార్డులో నా పక్క మంచం మీద ఉన్నాయనే భాయ్.

మక్తల్‌లో దర్జీ ఆయన. నాకంటే నాలుగేళ్లు చిన్న. తెల్లటి గడ్డం, మెత్తటి మాట. మొదటి నాలుగు రోజులు ఇద్దరికీ చేతులు వణుకుతుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఐదో రోజు చాయ్ గ్లాసు పట్టుకోలేక ఆయన కిందపెట్టేస్తే, నేను నా రెండు చేతులతో ఆ గ్లాసు పట్టుకున్నాను. నా చేతులూ వణికాయి. చాయ్ సగం లుంగీ మీద పోయింది. ఇద్దరం నవ్వాం. అలా మొదలైంది.

ఆయన మోసే బరువు నాదానికంటే ఎక్కువ. నా తాగుడు ఊరందరికీ తెలుసు, దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆయనది ఎవరికీ తెలియదు. వాళ్ల ఇళ్లలో ఆ మాట ఎత్తడమే తప్పు. పొరుగూరి పొలిమేరలో తాగి, లవంగాలు నమిలి, పొద్దుపోయాక ఇల్లు చేరి, దుకాణంలోనే పడుకునేవాడట. దవాఖానకు కూడా కిడ్నీలో రాయి తీయించుకోవడానికని చెప్పి వచ్చాడు. ఇరవై రోజులకు సరిపడా రాయిని ఎట్లా నమ్మించావు భాయ్ అని నేను ఏడిపిస్తే, "పెద్ద రాయి అన్నా, శానా పెద్దది" అని తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

వార్డులో రోజూ మధ్యాహ్నం అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరి కథ వాళ్లను చెప్పమనేవారు. నేను ఏటా మాల వేసుకునేవాణ్ణని, ఆ నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టేవాణ్ణి కాదని, కాబట్టి తలచుకుంటే ఎప్పుడైనా మానగలను అనుకుంటూ ఇన్నేళ్లు గడిపానని, కొండ నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్లీ దుకాణం ముందు ఉండేవాణ్ణని చెప్పాను. నేను ఆపగానే భాయ్ తల దించుకుని, రంజాన్ నెల మొత్తం తానూ అంతేనని, పండుగ బట్టలన్నీ కుట్టి ఇచ్చి, పండుగ నమాజ్ చదివి, మర్నాడు పొలిమేరకు పోయేవాడినని అన్నాడు. దేవుడికి ఇచ్చిన రోజుల్ని చూపించి మిగతా రోజుల్ని కప్పిపెట్టుకున్నాం ఇద్దరమూ. పండుగలు వేరు గానీ చేసిన మోసం ఒక్కటే. ఆ మధ్యాహ్నం నుంచి ఆయన నాకు సొంత తమ్ముడికంటే ఎక్కువయ్యాడు.

ఇంటికి పోయే రోజు భయం పట్టుకుంది. తాగుడు మానినవాళ్లు వారం వారం కలుసుకునే కూటమి ఉండేది పట్నంలో. ఆయన ఉండేది కర్ణాటక సరిహద్దున, నేనుండేది విజయవాడ రోడ్డు మీద. పొద్దుగూకే వేళే మా ఇద్దరికీ గండం. అందుకని వార్డు మెట్ల మీద కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. ఆయన మగ్రిబ్ నమాజ్ అయ్యాక నాకు రెండు రింగులిచ్చి కట్ చేయాలి. ఈ రోజు తాగలేదని దానర్థం. నేను తిరిగి రెండు రింగులివ్వాలి. మూడో రింగు మోగిందంటే ప్రాణం మీదికి వచ్చిందని, ఎత్తి మాట్లాడాలని.

తొమ్మిదేళ్లలో మూడో రింగు ఐదారు సార్లకంటే ఎక్కువ మోగలేదు. ఒకసారి ఆయన ఆస్తి గొడవలో తమ్ముడితో మాటా మాటా అనుకుని, పొలిమేర దారి పట్టి, నడుస్తూనే మోగించాడు. నాకు ఏం చెప్పాలో తోచక, షేర్వాణీకి కాలరు ఎట్లా నిలబడుతుంది భాయ్ అని అడిగాను. లోపల ఏ గుడ్డ పెట్టాలి, ఎన్ని కుట్లు వేయాలి, ఇస్త్రీ ఎప్పుడు చేయాలి అని ముప్పావుగంట చెప్పాడు. చెబుతూ చెబుతూ వెనక్కి తిరిగి ఇంటికి చేరుకున్నాడు. నా వంతు వచ్చినప్పుడు ఆయన ఘాట్ రోడ్డులో బస్సు ఎట్లా దింపుతావో చెప్పమనేవాడు. మేం మంచి మాటలు ఒక్కటీ చెప్పుకోలేదు, కాలర్లూ గేర్లే చెప్పుకున్నాం.

రెండేళ్లకు నా భార్య పోయింది. జ్వరమని పడుకున్న మనిషి నాలుగు రోజుల్లో లేకుండా పోయింది. నాతో ముప్ఫై ఏళ్లు కాపురం చేస్తే, తాగని మొగుణ్ణి రెండేళ్లు మాత్రమే ఇవ్వగలిగాను. ఆ లెక్క నన్ను వదలదు. ఆ రోజుల్లో ఫోన్ ఎక్కడ పడేశానో కూడా నాకు తెలియదు. మూడో రోజు పిట్టకు పెట్టడానికి పొలం గట్టుకు పోయాం. ఆమెకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి కాకి కోసం చూస్తున్నాం. మా వైపు ఇలాంటి రోజున చుట్టాలు మందు తెచ్చి దుఃఖంలో ఉన్నవాళ్లకు పోయడం మామూలే, అది మర్యాద కింద లెక్క. మా బామ్మర్ది గ్లాసు నా చేతిలో పెట్టి, "జర నోట్లె పోస్కో బావా, దుఃఖం దిగుతది" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, అక్క పోయిన దుఃఖంలో వాడూ తాగి ఉన్నాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నా ఒళ్లంతా అటే వంగింది. ఎవరి కోసం మానాలి ఇక అనిపించింది. నిజం చెబుతున్నాను, గ్లాసు పెదవి దాకా తెచ్చాను.

అప్పుడు గట్టు మీద, చెప్పులు చేతిలో పట్టుకుని, దుమ్ముకొట్టుకుపోయిన తెల్ల కుర్తాతో భాయ్ కనిపించాడు. తెల్లవారక ముందే మక్తల్‌లో బయల్దేరి, మూడు బస్సులు మారి, నా ఇల్లు ఎక్కడో తెలియక చిట్యాల బస్టాండ్‌లో డ్రైవర్లను అడిగి, అక్కడే సంగతి తెలుసుకుని పొలానికి వచ్చాడు. నా పక్కన మట్టిలో కూర్చున్నాడు. గ్లాసు వైపు చూశాడు గానీ వద్దనలేదు. "రెండు రోజులాయె అన్నా, నీ ఫోన్ రాలే. గందుకే వచ్చిన" అన్నాడు. అంతే. నేను గ్లాసు కింద పెట్టి, ఆయన భుజం మీద పడి, మూడు రోజులుగా రాని ఏడుపంతా ఏడ్చాను. ఆ సాయంత్రం ఆయన మా ఇంట్లో చాయ్ తాగి, చివరి బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ రోజుల్లోనే ఫోన్ మాటలు ఉచితమైపోయాయి. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని తెలిసినా మేం రెండు రింగులు మార్చలేదు. నేను రిటైరై, చిట్యాల ఇల్లు కిరాయికిచ్చి, చౌటుప్పల్‌లో కూతురి దగ్గరికి వచ్చాక కూడా సాయంత్రం ఆ మోత ఆగలేదు.

పోయినేడు వానకాలంలో ఒక సాయంత్రం రింగు రాలేదు. సిగ్నల్ లేదేమో అనుకున్నాను. మర్నాడు రాలేదు. రీచార్జి అయిపోయిందేమో అనుకున్నాను. మూడో రోజు నేనే చేస్తే స్విచాఫ్. తొమ్మిదేళ్లు గడిచిన ధీమా నాది, ఇంకేం జరుగుతుంది అనుకున్నాను. నా కోసం ఆయన రెండు రోజులకే కదిలాడు. నేను ఐదో రోజు కదిలాను.

మక్తల్‌లో దర్జీ దుకాణం షట్టర్ సగం దించి ఉంది. లోపల పెద్ద కొడుకు కుట్టుమిషన్ ముందు ఊరికే కూర్చున్నాడు. భాయ్‌కి గుండె ఆగి పోయి నాలుగు రోజులైంది. నేను తడబడుతూ నిలబడితే ఆ పిల్లవాడే అడిగాడు. "మీరు చిట్యాల చాచానా? మా అబ్బా చెప్పేటోడు. మీకు తాగుడు ఉండెనంట గదా, అబ్బానే మాన్పించిండంట. దినాం ఫోన్ చేయకుంటే మీరు మళ్ల తాగుతరని నమాజ్ కాంగనే ఫోన్ పట్టుకునేటోడు" అన్నాడు.

కొంచెం ఆలస్యంగా నాకు అర్థమైంది. రోజూ సాయంత్రం ఎవరికి మోగిస్తున్నావని ఇంట్లో అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ ఇంటి దృష్టిలో ఆయన ఒక తాగుబోతును కాపాడిన పుణ్యాత్ముడు, నేను ఆ తాగుబోతుని. పెద్ద రాయి అన్నా, శానా పెద్దది అన్న మాట గుర్తొచ్చింది. అవును బాబూ, మీ నాయన లేకుంటే నేను ఎప్పుడో పోయేవాణ్ణి అన్నాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ పిల్లవాడు నా చెయ్యి పట్టుకుని, ఇక ముందు కూడా తాగొద్దని నాకే బుద్ధి చెప్పాడు. సరేనన్నాను.

పరదా వెనక నుంచి భాయ్ భార్య చాయ్ పంపింది. నేను లేచేటప్పుడు ఆమె గొంతు వినిపించింది. "ఆయన ఫోన్‌కు దినాం జవాబిచ్చినందుకు అల్లా మీకు మేలు చేయాలె భాయ్‌సాబ్" అంది. మాన్పించిన మనిషికి చెప్పే మాట అది, మానిన మనిషికి చెప్పే మాట కాదు. ఆమెకు అంతా తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. పరదాకు అటు ఆమె, ఇటు నేను, మధ్యలో ఏమీ తెలియని కొడుకు. ఆయన గెలిచాడమ్మా, ఒక్కరోజు కూడా ఓడిపోలేదు అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. తిరుగు ప్రయాణం మొత్తం బస్సు కిటికీ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

ఊరి పేరు, పని పేరు కొంచెం అటూ ఇటూ మార్చే ఇది రాశాను. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. ఒక మనిషి జీవితంలో చేసిన అన్నిటికంటే కష్టమైన పని ఆయన జనాజా మోసినవాళ్లలో ఒక్కరికీ తెలియకుండా పోయిందన్న బాధతో రాశాను.

ఇప్పుడు రోడ్డు మీద ఎటు చూసినా లైట్లు పెట్టిన మందు దుకాణాలే, వాటి ముందు నుంచే నేను సాయంత్రం పాల ప్యాకెట్ తెస్తాను. ఇంట్లో అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, అందరూ ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటారు. మాట్లాడటానికి పైసలు లేని రోజుల్లో నాకు ఒక మనిషి ఉన్నాడు, మాటలన్నీ ఉచితమయ్యాక లేడు. పొద్దుగూకగానే నా చెయ్యి దానంతట అదే ఆ నంబరు మీదికి పోతుంది. రింగు రాదు. ఈ నంబరు ఉపయోగంలో లేదని ఒక ఆడగొంతు చెప్పడం మొదలుపెడుతుంది. ఆమె రెండు మాటలు అనగానే కట్ చేసి, తిరిగి మోగదని తెలిసి కూడా, కూతురు చాయ్ తెచ్చి పిలిచేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చుంటాను.