మా నెత్తిమీది ఇల్లు

కాటన్‌పేటలో మేము అద్దెకుంటున్న ఇంటిని ఖాళీ చేయించకూడదని ఈ రోజు కోర్టు స్టే ఇచ్చింది. మా ఆయన, నేను మైసూర్‌పాక్ కొనుక్కుని సంతోషంగా ఆటో దిగేసరికి మా కిటికీల్లోంచి దుమ్ము వస్తోంది. పైన సమ్మెట దెబ్బలు వినిపిస్తున్నాయి. మేముండేది కింది వాటాలో. పై వాటా ఇంటి యజమాని మునిరత్నప్పది.

ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

"ఏమిటండీ ఇది? కోర్టు ఇవాళే కదా చెప్పింది!" అన్నారు మా ఆయన.

"మీ ఇంటిని ఎవురన్నా ముట్టినారా అప్పా? జడ్జిగారు చెప్పినట్ల మీరు ఉండొచ్చు. మీద ఉండేది నా ఇల్లు, పడగొట్టుకుంటా ఉండా. కింద ఏమన్నా పడితే మాత్రం నన్ను అడగొద్దండి" అని నవ్వాడు.

లోపలికి వెళ్లి చూస్తే వంటింటి పైకప్పు నిలువునా పగిలి ఉంది. పొద్దున ఆ పగులు లేదు. లాయరుకు ఫోన్ చేశాను.

"రేపు మళ్లీ కోర్టుకు వెళ్దాం. అంతవరకు ఇల్లు వదలకండి. మీరు బయటికెళ్తే ఆయన తాళం వేసుకుంటాడు" అన్నాడు.

చీకటి పడ్డాక కూలీలు దిగిపోయారు. సమ్మెటలు పైనే వదిలేశారు. మా ఆయన పాప పరుపును గోడ వారకు లాగారు.

పక్క సందులోని నెట్ సెంటర్ నుంచి ఇది రాస్తున్నాను. కేసు గెలిచామని అందరూ అభినందిస్తున్నారు. మీరైతే ఈ రాత్రి మీ పాపను ఆ ఇంట్లో పడుకోబెడతారా? సెంటర్ మూసేలోపు ఎవరైనా చెప్పండి.