తోర్వినెన్‌కు తెలియని సంగతి

తోర్వినెన్‌కు అన్నీ తెలుసు. ఏ పిట్ట ఏ నెలలో గుడ్లు పెడుతుందో తెలుసు, రై గింజల రొట్టె ఎందుకు పులుస్తుందో తెలుసు. అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. అందులో అతని తప్పు కొంతే. తల్లి మర్యుత్ కైనూ అనే మంచుసీమ పల్లెల్లో తిరిగే లైబ్రరీ బస్సు నడిపేది. బడి లేని రోజుల్లో పిల్లవాణ్ణి వెంట తీసుకుపోయేది. ఊరికీ ఊరికీ మధ్య నలభై కిలోమీటర్ల అడవి, చుట్టూ పుస్తకాలు, ఆడుకోవడానికి తోడు లేదు. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే వాడికి అన్నం సయించేది కాదు. బస్సెక్కిన ముసలమ్మలు "అలాగా నాయనా" అంటూ ఓపిగ్గా వినేవారు.

పంతొమ్మిదో ఏట, ఆ దేశపు కుర్రాళ్ళందరిలాగే జనవరిలో సైనిక శిక్షణకు వెళ్ళాడు. అక్కడ ముసలమ్మలు లేరు.

మొదటి వారమే గదిలోవాళ్ళకు దుప్పటి మడత నేర్పబోయాడు. స్కీలకు ఏ మైనం రాయాలో కార్పొరల్ కెస్తికే చెప్పాడు. కెస్తికీ ఇరవై ఏళ్ళే, కిందటి ఏడాది చేరినవాడు. నవ్వాపుకుని, "ధన్యుణ్ణి ప్రొఫెసర్ గారూ" అన్నాడు. ఆ పేరు అతుక్కుపోయింది.

"ప్రొఫెసర్ గారూ, మాకు మూడు వారాలు కాగానే సెలవు. మీ నోటికెప్పుడు?" అని పక్కమంచం పురనెన్ రోజూ అడిగేవాడు.

ఆ సెలవు కోసమే అందరూ వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంటున్నారు. శుక్రవారం మూడున్నరకు బస్సు. శనివారం ఊలు పట్టణంలో పురనెన్ అక్క పెళ్ళి. గురువారం పొద్దున అడవిలో డేరాలు విప్పేస్తే ఈ విడత శిక్షణ ముగిసినట్టే.

ఆ పొద్దున చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద ఉంది. తుపాకులు డేరా బయటే ఉన్నాయి. వెచ్చటి డేరాలోకి తెస్తే చెమ్మ పట్టి, బయటికి రాగానే గడ్డకడతాయి. అది అందరికీ తెలిసిందే. తోర్వినెన్‌కు ఇంకొంచెం తెలుసు.

"చలికి లోపలి నూనె జిగురవుతుంది. గుండు పేల్చే ముక్కను పట్టి ఉంచే పిన్ను తీసి, లోపల తుడవాలి," అన్నాడు.

డేరా తాళ్ళు విప్పుతున్న హౌతమా తలెత్తింది. ఆ దళంలో ఉన్న ఒకే అమ్మాయి, మాట తక్కువ. "అది విప్పొద్దన్నారుగా?"

"తెలియనివాళ్ళు విప్పొద్దన్నారు."

చేతి తొడుగులు తీసి విప్పాడు. వేళ్ళు కొయ్యబారాయి. అగ్గిపుల్లలో సగం కూడా లేని పిన్ను జారింది. చప్పుడు లేదు. తొడలోతు మంచులో సూదిబెజ్జమంత గుర్తు.

ఏదైనా పడితే వెంటనే "పడింది!" అని అరిచి, కదలకుండా నిలబడాలి. ఆయుధంలోది ఏ ముక్క పోయినా, అది దొరికేదాకా దళమంతా వెతకాలి. సెలవు లేదు, బస్సు లేదు. ఈ నియమాన్ని మిగతావాళ్ళకు రెండేసి సార్లు అప్పజెప్పింది అతనే. అరవబోయాడు. అవతల పురనెన్, అక్క పెళ్ళిలో ఆడబోయే వాల్ట్జ్ నాట్యపు అడుగులు మంచుబూట్లతోనే వేసి చూసుకుంటున్నాడు. చోటు తెలుసు కదా, రెండు నిమిషాల్లో తీసేస్తాను అనుకున్నాడు తోర్వినెన్.

చెయ్యి పెట్టాడు. పక్క మంచు జారి ఆ గుర్తును పూడ్చేసింది. తవ్వినకొద్దీ చోటు చెదిరింది. కాసేపటికి మంచమంత మేర కుళ్ళబొడిచాడు, ఎక్కడ మొదలెట్టాడో అతనికే తెలియకుండా పోయింది. అంతలో కెస్తి వరసలో నిలబడమన్నాడు. సామాను అంతా ఉందో లేదో ఒక్కొక్కరే చెప్పాలి.

"పూర్తి." "పూర్తి." పక్కనే హౌతమా, "పూర్తి."

"పూర్తి కాదు సార్," అన్నాడు తోర్వినెన్. "పిన్ను పడిపోయింది."

"ఎప్పుడు?"

"పావుగంటయింది."

"పావుగంట!" పురనెన్ మొహం ఎర్రబడింది. "రోజంతా వాగే నోరు, ఆ ఒక్క ముక్కకే మూతపడిందట్రా? మా అక్కకేం చెప్పను? ప్రొఫెసర్ గారు తుపాకీ శుభ్రం చేశారని చెప్పనా?"

కెస్తి సెలవు కూడా ఇందులోనే పోతుంది. అతను మాత్రం గొంతు పెంచలేదు. "సరిగ్గా ఎక్కడ పడింది?"

"తెలీదు సార్."

ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. మరో రోజైతే అందరూ పగలబడి నవ్వేవారు.

ముప్ఫైమంది భుజం భుజం ఆనించి మోకాళ్ళ మీద పాకారు. గంట గడిచింది. ముక్కులు తెల్లబడ్డాయి. చెట్ల వెనక వంటబండి నుంచి ప్రతి గురువారం వండే బఠానీ సూపు వాసన వస్తోంది. హౌతమా లేచి నిలబడింది.

"చేతులతో దొరకదు సార్. ఈ మంచునంతా కరిగించి వడగడితే?"

తోర్వినెన్ నోరు తెరిచి, వెంటనే మూసుకున్నాడు.

"ఏంటి, చెప్పు," అన్నాడు కెస్తి.

"ఏం లేదు సార్."

"నిన్నే అడుగుతున్నా."

"ఇంత పొడి మంచు పది బకెట్లు కరిగితే ఒక బకెట్ నీళ్ళు సార్. సూపు కాగులైతే... నాలుగైదు విడతల్లో అయిపోతుంది."

అందరూ వంటబండి దగ్గరికి వెళితే, వంట సార్జెంట్ గరిటె పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "కాగుల నిండా సూపుంది! పాతికేళ్ళుగా వండుతున్నా, గురువారం సూపు నేలపాలు చేసింది లేదు."

"నేలపాలెందుకు సార్, మా పొట్టలు లేవూ?" అన్నాడు పురనెన్.

పావుగంటలో రెండు కాగులూ ఖాళీ. నాలుక కాలితే కాలనీ అన్నారు. తోర్వినెన్ మూడు గిన్నెలు తాగాడు, సూపులోకి వేసే ఆవాలముద్ద కూడా కలుపుకోకుండా. తర్వాత చక్రాల్లేని బల్లబళ్ళ మీద మంచు లాగి తెచ్చారు, కరిగించారు, సార్జెంట్ ఇచ్చిన కాఫీ గుడ్డలో వడగట్టారు. మొదటి విడతలో పైన్ చెట్ల సూది ఆకులు. రెండో విడతలో ఎవరిదో గుండీ. మూడో విడతలో ఏమీ లేదు. పురనెన్ గుడ్డ పిండుతున్నాడు, తోర్వినెన్ అటు చూడలేక పొయ్యిలో కట్టెలు పెడుతున్నాడు.

నాలుగో కాగు సగమయ్యేసరికి పురనెన్ చేతులు ఆగిపోయాయి. గుడ్డ మడతలో నల్లగా, చిన్నగా ఏదో ఉంది.

"ఇదేనా?"

కెస్తి దాన్ని తీసుకుని, తుపాకీలో అమర్చి, గడియ రెండుసార్లు లాగి చూశాడు. "పూర్తి," అన్నాడు.

అరుపులకు చెట్ల మీది మంచు రాలింది. తోర్వినెన్ పొయ్యి పక్కనే చతికిలబడి, పిచ్చివాడిలా నవ్వాడు. కాగులు తోమడం అతని వంతని సార్జెంట్ తేల్చేశాడు. అంత ఇష్టంగా అతను ఏ పనీ చేసి ఎరగడు.

తోముతుండగా పురనెన్ వచ్చి, స్ట్రాబెరీ జామ్ పూసిన పాన్‌కేక్ ముక్క అతని నోట్లో కుక్కాడు. "మింగు. ఇకనుంచి ఏదైనా పడితే?"

"అరుస్తా," అన్నాడు తోర్వినెన్, నోటినిండా జామ్‌తో.

"ఎంత గట్టిగా?"

తోర్వినెన్ అరిచి చూపించాడు. వంటబండి మారుమోగింది, సార్జెంట్ తిట్టాడు. శుక్రవారం మూడున్నర బస్సులో ముప్ఫైమందీ ఉన్నారు.