మా నాయన ధోతి

పోలీసు చర్య జరిగిన ఏడు, వానాకాలమంతా మెదక్‌లో భూమి లోపలి నుంచి ధనామని చప్పుడు వచ్చేది. కాళ్ల కింద నేల జరంత అదిరేది, గూట్లో చెంబులు గలగలమనేవి. అదేమిటో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. మా నాయనమ్మకు మాత్రం అప్పుడే తెలుసు.

"యూనియన్ ఫౌజు వస్తుంది. గవి ఫిరంగులు. తెల్లజెండా కట్టుండ్రి" అనేది.

మా ఇంట్లో తెల్లబట్ట ఒక్కటే, నాయన కట్టుకున్న ధోతి. చప్పుడైనప్పుడల్లా అది వెదురుకర్రకు ఎక్కేది. నాయన తువ్వాల చుట్టుకొని అర్రలో కూర్చునేవాడు. ఆయన చర్చి బడిలో పంతులు. ఆ వానాకాలం బడిలో అందరికంటే ఎక్కువ నాగాలు ఆయనవే. నాకైతే నాయనమ్మ మీద ఒళ్లు మండేది. పిల్లలు నవ్వేది నన్ను చూసి కదా.

తీరా ఫౌజు నిజంగా వచ్చిన రోజు ఏ చప్పుడూ కాలేదు. నాయన ధోతి కట్టుకునే వాకిట్లో నిలబడి చూశాడు. సిపాయిలు మంచినీళ్లు అడిగి, తాగి, తమ దారిన పోయారు.

వారం తిరగకముందే మళ్లీ ధనామంది. చెంబులు గలగలమన్నాయి. నాయన లేచి ధోతి గోచి విప్పబోయాడు.

"ఉండనీ కొడుకా" అంది నాయనమ్మ. "ఫౌజు వచ్చి పాయె. గీ చప్పుడు మనదే."