మా కల్లంలో రౌండ్స్

ఎనభైల మొదట్లో సత్తెనపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఒక మనిషి పనికొస్తాడో రాడో తేల్చడానికి పెద్ద విచారణేమీ అక్కర్లేదు. మిరపతోటలో నాలుగు సాళ్లు నడిపించి చూస్తే సరిపోయేది. పదేళ్లు నేవీలో చేసి, ఇరవై ఎనిమిదో ఏట ఒక నల్ల ట్రంకుపెట్టె, ఒక భార్య, బోలెడు గొప్పలు వెంటబెట్టుకుని ఇల్లు చేరిన నన్ను మా నాన్న మొదటి వారంలోనే అలా నడిపించి చూశాడు. "పదేళ్లు నీళ్లమీద తిరిగినోడికి నేలమీద కాలెట్టా నిలుస్తదిలే," అని ఊరుకున్నాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. ఊళ్లోవాళ్లయితే నాకు 'ఓడబ్బాయి' అని పేరు పెట్టేశారు (మా ఊరినుంచి సముద్రం చూడాలంటే రెండు బస్సులు మారాలి, అయినా ఆ పేరు నాకు అతుక్కుపోయింది).

నాన్న ఉద్దేశం నేను మళ్లీ విశాఖపట్నం వెళ్లి ఏ ఫ్యాక్టరీలోనో ఉద్యోగం చూసుకోవాలని. నా ఉద్దేశం ఇక్కడే ఉండిపోవాలని. మా ఆవిడది పొన్నూరు. పెళ్లయిన మూడేళ్లలో ఏడాదికి రెండు నెలలు కనబడే మొగుడితో విసిగిపోయి, "మళ్లీ పట్నం, మళ్లీ అద్దె గది, నావల్ల కాదండీ. మీరేం చేస్తారో చెయ్యండి, ఇక్కడే చెయ్యండి," అని తేల్చి చెప్పింది. చివరికి మా అమ్మ మధ్యన పడితే నాన్న ఒక ఒప్పందానికి వచ్చాడు. "ఈ ఏడు మొదటి కోత నువ్వే చూసుకో. కోయించు, ఎండబెట్టించు, తాలు ఏరించు, గుంటూరు యార్డుకి చేర్చు. మచ్చ లేకుండా చేరిందా, తోట నీది. లేదా, బస్సెక్కు." తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. యార్డులో కొనేవాడు బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి ఒక గుప్పెడు పైకి తీస్తాడు. అందులో మూడు తెల్లకాయలు కనబడితే చాలు, మొహం అదోలా పెట్టి మొత్తం సరుక్కే ధర తగ్గించేస్తాడు. అందుకని ఎండిన కాయలన్నీ మనుషుల చేత ఏరించి ఎర్రవాటిని ఒక రాశి, తాలుని ఒక రాశి పోయిస్తారు. మా ఇంటి వెనకాలే ఉన్న కల్లంలో ఆరుగురు ఆడవాళ్లు మూడు రోజులు కూర్చుని ఆ పని పూర్తి చేశారు. లారీ మర్నాడు సాయంత్రం ఐదింటికి వస్తుంది. నేను గట్టెక్కినట్టే అనుకున్నాను.

సరిగ్గా ఆ రోజు మధ్యాహ్నం మా ఓడవాళ్లు దిగారు. ఓడలో పక్కపక్క బంకు మంచాల మీద పడుకున్న నలుగురం, విడిపోయేముందు ఒక మాట అనుకున్నాం. ఏటా ఒకసారి అందరం పెళ్లాం పిల్లలతో ఎవరో ఒకరింట్లో కలవాలని. మొదటి ఏడు ఎవరింట్లో అని చీటీలు రాసి టీ మగ్గులో వేసి తీస్తే నా పేరొచ్చింది. నేను ఉత్సాహంగా ఉత్తరాలు కూడా రాసేశాను. నిజంగా వస్తారని ఎవరనుకున్నారు? వచ్చారు, పడీ పడీ నవ్వుతూ, ట్రాక్టరు తొట్టిలో నిలబడి. మలయాళీ చీఫ్ (మా అందరికీ పైవాడు, నలభై దాటినవాడు, మీసం కూడా యూనిఫారంలాగే ఉండేది), ఆరడుగుల పంజాబీ సర్దార్, సన్నగా వెదురులా ఉండే బెంగాలీ దాదా, ముగ్గురి భార్యలు, మొత్తం మీద ఐదుగురు పిల్లలు. అందరూ ఏళ్ల తరబడి విశాఖలో ఉన్నవాళ్లే కాబట్టి వచ్చీరాని తెలుగు మాట్లాడేవారు. నాన్న, "వచ్చినోళ్లకి అన్నం పెట్టటం మనకేం కొత్తా?" అన్నాడు గాని, అంటూ ఒకసారి రాశుల వైపు, ఒకసారి నా వైపు చూశాడు. అమ్మ గోంగూర వడ్డించింది. సర్దార్ రెండు ముద్దలు తిని, ఒక చెంబెడు మజ్జిగ ఎత్తిన చెంబు దించకుండా తాగేశాడు.

సాయంత్రం టీలు తాగుతూ కూర్చున్నప్పుడు, కల్లం గట్టున నులకమంచం మీద ఒక్కడే కూర్చున్న మా నాన్నని చూసి సర్దార్, "మీ నాన్నగారు మాట్లాడరా?" అని అడిగాడు. అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. "మాట్లాడ్డమా? మన కమాండర్ ఈయన ముందు ఏపాటి? రోజూ పొద్దున్న ఆరున్నరకి రౌండ్స్‌కి వస్తాడు. గడ్డిపోచ అడ్డంగా పడున్నా ఊరుకోడు," అన్నాను గొప్పగా. రౌండ్స్ అంటే ఓడలో పెద్దాఫీసరు చేసే తనిఖీ. తెల్ల గ్లవుజులు తొడుక్కుని వచ్చి పైపు వెనకాల వేలుతో రాసి చూస్తాడు. ఆ వేలికి మసి అంటిందా, అక్కడ పనిచేసేవాడి ఆదివారం పోయినట్టే. ఒక వస్తువుకి ఒక చోటు, ఒక చోట ఒకే రకం, అన్నీ వరసలో. మా నలుగురిలో అందరికన్నా ఎక్కువసార్లు పట్టుబడింది నేనే (ఒకసారి పైపు వెనక నా సాక్సులే దొరికాయి). నా మాట విని ముగ్గురూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మా నాన్నంటే గౌరవం పుట్టిందనుకుని నేను పొంగిపోయాను.

మర్నాడు పొద్దున్న మా ఆవిడ వచ్చి లేపింది. "ఏవండీ, ఒకసారి కల్లంలోకి రండి. మీవాళ్లేదో చేశారు. మంచో చెడో నాకు తెలియట్లా."

వెళ్లి చూస్తే అది మా కల్లంలా లేదు. పలుపుతాళ్లన్నీ పళ్లేల్లా గుండ్రంగా చుట్టి నేలమీద వరసగా పరిచారు. పారలు, కొడవళ్లు, గంపలు పెద్దవాటినుంచి చిన్నవాటిదాకా గోడకి ఆనించారు. ఎక్కడ దొరికిందో సున్నం, దారి పక్క రాళ్లకి పూసేశారు. పిడకల గూడు మూలమట్టంగా పేర్చారు. గేదెని కడిగి కొమ్ములకి నూనె రాశారు, అది తానెవరో తెలియనట్టు నిలబడి ఉంది. ముగ్గురు మగవాళ్లూ తెల్ల చొక్కాలు తొడుక్కుని వరసలో, వెనకాల వాళ్ల భార్యలు, చివర పిల్లలు. ఎదురుగా నోట్లో వేపపుల్లతో మా నాన్న. చీఫ్ మూడడుగులు ముందుకేసి, సెల్యూట్ కొట్టి, "కల్లం రౌండ్స్‌కి రెడీగా ఉంది సార్," అన్నాడు. నాన్న తన వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

నేను చూస్తున్నది మాత్రం కల్లం మధ్యలోకి. అక్కడ నున్నగా, చుట్టూ గీత గీసినట్టు, ఒక రాశి ఉంది. ఒకటే ఉంది. రెండోసారి లెక్కపెట్టాను. ఒకటిని ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటే.

దాదా నా చూపు గమనించి సంతోషంగా విశదీకరించాడు. "పెద్ద కుప్ప పక్కన చిన్న కుప్ప, చూడ్డానికి బాగా లేదు. అందుకే కలిపేశాం. పైన తెల్లవి ఎక్కువ కనబడుతున్నాయని చేటలతో ఎత్తి పోసి మూడుసార్లు తిరగేశాం. ఇప్పుడు ఎక్కడ చూడు, ఒకటే రంగు."

నాన్న నోట్లోంచి పుల్ల తీశాడు. వంగి ఒక గుప్పెడు కాయలు తీసుకుని అరచేతిలో పరిచి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు.

"ఎవరు చెప్పారు వీళ్లకి?"

"నేనే నాన్నా."

"ఏమని?"

"నువ్వు తనిఖీకి వస్తావని."

"నేనా? ఎందుకు చెప్పావ్?"

"ఊరికే. గొప్పకి."

నాన్న తల ఊపాడు. గుప్పెట్లో కాయలు మళ్లీ రాశిలో పోసి, "ఎనిమిదింటికి బస్సుంది," అన్నాడు.

మా ఆవిడ మొహం చూడలేకపోయాను. ఉద్యోగం కోసం భయం కాదు, ఏ ఫ్యాక్టరీలోనో దొరికేది. ఈ నేలమీద నేను నిలబడతానని ఆయన ఎప్పటికీ అనుకోడు కదా అన్నదే నా ఏడుపు. చీఫ్, "బస్సులో ఎవరు వెళ్తున్నారు?" అని అడిగాడు. సంగతంతా చెప్పాను. తాలు అంటే ఏమిటో, మూడు రోజుల పని అంటే ఏమిటో, ఆ బస్సు ఎవరికో. ఏరిన ఆడవాళ్లు అప్పటికే పక్క ఊరికి పత్తి తీతకి వెళ్లిపోయారని కూడా చెప్పాను. సర్దార్ సున్నం కొట్టిన రాయి మీద కూలబడ్డాడు. లేచాక ఆయన వెనకభాగం కూడా రౌండ్స్‌కి రెడీగానే ఉంది గాని, నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

చీఫ్ నేరుగా నాన్న దగ్గరికెళ్లాడు. "లారీ ఐదింటికి గదా సార్? ఐదింటికి రెండు కుప్పలు ఉంటాయి. ఎలా ఏరాలో మీరు చూపించండి."

"మీరా? వద్దు బాబూ, చుట్టాలు."

"చుట్టాలం కాదు సార్. తప్పు చేసినవాళ్లం."

నాన్న పంచె పైకి కట్టి రాశి పక్కన కూర్చున్నాడు. ఒక ఎర్రకాయ, ఒక తెల్లకాయ తీసి ఎండకి పట్టి చూపించాడు. "ఇది ఇటు. ఇది అటు. మధ్యరకంగా ఉంటే నన్నడగండి." చీఫ్ రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. ఓడలో ఆ ఈల పడితే వంటవాడితో సహా అందరూ పైకి రావాల్సిందే. మా అమ్మతో సహా అందరూ వచ్చారు.

చీఫ్ భార్య అందరికన్నా చురుగ్గా ఏరింది, బియ్యంలో రాళ్లు ఏరే చెయ్యి అది. సర్దార్ తుమ్మితే ఏరిన కాయలు ఏరని కాయల్లోకి వెళ్లేవి, అందుకని ఆయన్ని గాలి పోయేవైపు కూర్చోబెట్టారు. పది గంటలకి ఆయన కన్ను నలుపుకోబోతుంటే నాన్న, "కన్ను! కన్ను తాకొద్దయ్యా!" అని అరిచాడు. అప్పటికే తాకేశాడు. ఆరడుగుల మనిషి కల్లమంతా మూడుసార్లు చుట్టి వస్తే అమ్మ మజ్జిగ చెంబుతో వెనకాల పరిగెత్తింది. అప్పుడు నాన్న నవ్వాడు. మా నాన్నకి ముందు పళ్లు రెండు వంకరగా ఉంటాయని ఆ రోజే నాకు గుర్తొచ్చింది. ఓడబ్బాయి ఓడంతా దిగి కాయలు ఏరుతోందని ఊళ్లో తెలిసి వినోదం చూడ్డానికి వచ్చినవాళ్లు, నిలబడి నిలబడి, వాళ్లూ కూర్చున్నారు.

మధ్యాహ్నంనుంచి నాన్న లేచి అందరి వెనకా తిరగడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరు ఏరిన దాంట్లో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూసి, ఏమీ అనకుండా ముందుకెళ్తున్నాడు. చీఫ్ దగ్గర ఏమీ అనలేదు. దాదా దగ్గర అనలేదు. నా దగ్గరికొచ్చి గుప్పెడు తీసి, "ఇదేంది? ఇదేంది? మళ్లీ ఇదేంది?" అని మూడు తెల్లకాయలు నా ముందు పడేశాడు. చీఫ్ తల ఎత్తకుండానే, "రౌండ్స్‌లో వీడొక్కడే దొరుకుతాడు సార్, పదేళ్లనుంచీ ఇంతే," అన్నాడు.

లారీ నాలుగున్నరకే వచ్చింది. ఇంకా ఒక మూల మిగిలే ఉంది. డ్రైవరు హారన్ కొడితే అమ్మ అతని చేతికి టీ గ్లాసు ఇచ్చింది, మా ఆవిడ అతని ముందు ఒక గంపెడు కాయలు పెట్టింది. ఏం చేస్తాడు, ఏరాడు. ఐదు దాటాక ఆఖరి తెల్లకాయ పడింది. బస్తాలు నింపితే చీఫ్ మూతులు కట్టాడు (ఆ ముడులు విప్పలేక యార్డులో కోసుకోవాల్సొచ్చిందిలెండి), సర్దార్ రెండేసి ఒకేసారి ఎత్తాడు. చివరి బస్తాలో నాన్న మోచేతిదాకా చెయ్యి పెట్టి తీశాడు. ఎరుపు. మళ్లీ తీశాడు. ఎరుపు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం.

నేనే ఉండబట్టలేక, "బస్సు పోయింది గదా నాన్నా," అన్నాను.

"అదెప్పుడో పోయింది. లారీ ఎక్కు."

"యార్డుకి నువ్వెళ్లవా?"

"నేనెందుకు? సరుకు నీది."

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లారీ ఎక్కి కూర్చున్నాను. కదులుతుంటే వెనక్కి చూశాను. ఓడ రేవు వదిలేటప్పుడు నిలబడ్డట్టు మావాళ్లంతా సున్నం రాళ్ల వెంబడి వరసలో నిలబడి సెల్యూట్ చేస్తున్నారు, పిల్లలతో సహా. ఆ వరస చివర పంచె ఇంకా దించని మా నాన్న, అందర్నీ చూసి ఆయన కూడా చెయ్యెత్తాడు. ఎడంచెయ్యి. నాకు కళ్లు నిండిపోయాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా కారం. సత్తెనపల్లి దాటేదాకా చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, బుగ్గల మీద కారుతున్నది అలాగే కారనిచ్చాను. డ్రైవరు, "ఏందబ్బాయ్, ఏడుస్తున్నావా?" అంటే, "కారం," అన్నాను.

ఇప్పుడు నా వయసు ఆనాటి మా నాన్న వయసు దాటిపోయింది. కల్లంలోకి పొద్దున్న ఆరున్నరకే వెళ్తాను. నిజం చెబుతున్నాను, గడ్డిపోచ అడ్డంగా ఉంటే ఊరుకోను. "అయిందా తమరి రౌండ్స్?" అంటుంది మా ఆవిడ. అయిందని చెప్పి, నేను ఏరిన కుప్ప మాత్రం ఆవిడ ముందుకి తోస్తాను. ఆవిడ అందులో చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తుంది. ఇప్పటికీ ఒకటో రెండో దొరుకుతూనే ఉంటాయి.