కోడి పొదిగిన వజ్రం

నా చిన్నప్పుడు మా తాతయ్య వేలిని కందిరీగ కుట్టకపోయి ఉంటే మా నాయనమ్మ ముక్కుకు వజ్రం వచ్చేదే కాదు. వేలు వంకాయలా వాచి ఉంగరం బిగుసుకుపోయింది. సబ్బు రాశారు, నూనె రాశారు, దారం చుట్టి లాగారు. అది కదల్లేదు. చివరికి కోవూరు నుంచి కంసాలి ఆచారి తాతను పిలిపించారు. ఆయన సైకిలు మీద విడవలూరు దాటి, సముద్రపు గాలి తగిలే మా ఊరికి వచ్చి, అరుగు మీద కూర్చుని ఆకురాయితో ఉంగరాన్ని మెల్లగా కోశాడు. తాతయ్య అరుపులకు వేలు తీసేస్తున్నారనుకుని వీధిలో జనం పోగయ్యారు.

ఉంగరం రెండు ముక్కలయింది. అందులోని రాయి, శనగబద్దలో సగముండే వజ్రం, ఆచారి తాత అరచేతిలో తళుక్కుమంది. మా నాయనమ్మ ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నట్టుంది.

"ఇన్నేళ్లూ దీన్ని వేలికి పెట్టుకుని పొలంగట్ల మీద తిరగతా ఉండాడు. గేదెలు తప్ప చూసిందెవురు? నాకు ముక్కుపుడక చేసి అందులో పొదుగు ఆచారీ!" అంది.

తాతయ్య నొప్పిలో ఉండి అడ్డు చెప్పలేకపోయాడు.

నాకప్పుడు ఆరేళ్లు. పొదగడమంటే నాకు తెలిసింది ఒక్కటే. ముందురోజే మా నాయనమ్మ వంటింటి మూల గంపలో సముద్రపు ఇసుక పోసి, గడ్డి పరిచి, పదకొండు గుడ్లు పెట్టి ఎర్రకోడిని పొదుగుకు కూర్చోబెట్టింది. నేను ఆచారి తాత దగ్గరకు పోయి, పొదగడానికి ఎన్ని రోజులు పడుతుందని అడిగాను.

"నాకుండే పనులకి మూడు వారాలు పడద్దిలే తల్లీ" అన్నాడాయన.

గుడ్లకూ మూడు వారాలే. ఇక నాకు ఏ అనుమానమూ లేకపోయింది. ఆయన రాయిని కాగితంలో చుట్టి నాయనమ్మ చేతికిచ్చి, పుడక చేసుకుని మళ్లీ వస్తానని వెళ్లాడు. ఆమె ఆ పొట్లాన్ని కుంకుమ భరిణెలో పెట్టింది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా నేను పొట్లం విప్పి, రాయిని కోడి కిందికి తోసి, కాగితాన్ని మళ్లీ ఎప్పటిలా మడిచి భరిణెలో పెట్టాను. కోడి నా చేతిని రెండుసార్లు పొడిచింది. వజ్రం పిల్లలు ఏ రంగులో ఉంటాయో అనుకుంటూ ఆ నొప్పి ఓర్చుకున్నాను.

చెప్పిన గడువుకంటే ముందే, ఎనిమిదో రోజున ఆచారి తాత పుడక చేసుకుని వచ్చాడు. నాయనమ్మ పొట్లం విప్పింది. కాగితం తప్ప ఏమీ లేదు.

"చుట్టింది నువ్వే గదా ఆచారీ! నేను విప్పి చూసినానా?" అని ఆమె గొంతు లేచింది. పాలకు వచ్చిన ఇరుగుపొరుగువాళ్లు చెంబులు పట్టుకుని నిలబడిపోయారు.

"చుట్టినా, మీ చేతికే ఇచ్చినానమ్మా" అన్నాడాయన. ఎవరూ అడగకుండానే చొక్కా జేబు బయటికి లాగి చూపించాడు. అందులోంచి ఒక బస్సు టికెట్టు, రెండు వక్కముక్కలు పడ్డాయి. ఆయన వంగి ఆ వక్కలు ఏరుకోసాగాడు.

నేను స్తంభం చాటున ఉన్నాను. నోరు తెరవాలని నాకు తెలుసు. ఆ అరుపులకు భయపడి స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. వంగిన ఆచారి తాత నన్ను చూశాడు. నేను వంటింటి మూల కోడి కూర్చున్న గంప వైపు చూస్తున్నాను. ఆరోజు నేనడిగిన ప్రశ్న ఆయనకు గుర్తొచ్చినట్టుంది. దగ్గరకొచ్చి గొంతుక్కూర్చుని, మెల్లగా, "ఇంకా ఎన్ని రోజులుండాది తల్లీ, పిల్లలు లేచేదానికి?" అన్నాడు.

"పన్నెండు" అన్నాను. వెంటనే భోరుమన్నాను.

అంతా గంప దగ్గరకు పరిగెత్తారు. కోడిని ఎత్తి చూస్తే గుడ్లే ఉన్నాయి, రాయి లేదు. మింగేసిందని తాతయ్య కత్తి తెమ్మన్నాడు. ఆచారి తాత అడ్డం నిలబడ్డాడు.

"కోడిని కోస్తే గుడ్లన్నీ పాడవతాయి. మూడు వారాలని చెప్పింది నేను, బిడ్డ కాదు. అన్నిరోజులూ ఆగండి. దొరక్కపోతే నాది పూచీ."

మా నాయనమ్మ గంప దగ్గర్నుంచి లేచింది. తర్వాత బయటికి పోయి, చెంబులతో కదలబోతున్న వాళ్లను నిలబెట్టి, "నేనన్న మాట తప్పు. ఆచారి తియ్యలేదు. వినినోళ్లంతా ఇదీ వినిపోండి" అంది. అంత గట్టిగా ఆమె తిట్టడం విన్నానుగానీ, తప్పు ఒప్పుకోవడం వినడం అదే మొదలు.

తర్వాతి పన్నెండు రోజులూ ఊరికి మా ఇల్లే వినోదం. కోడి మేతకు దిగితే, పదెకరాల రైతైన మా తాతయ్య చీపురుపుల్ల పట్టుకుని దాని వెనకాలే తిరిగేవాడు, అది ఎక్కడ రెట్ట వేస్తుందా అని. గుడ్లు కదిలితే చెడతాయని గంపను బోర్లించకుండా, అది తిరిగి చేరే లోపల ఇసుకలో వేలు మాత్రం పెట్టి వెతికేవాడు. సముద్రపు ఇసుక కదా, గవ్వముక్క మెరిసినప్పుడల్లా "దొరికింది!" అని కేకపెట్టేవాడు. మేము పరిగెత్తేవాళ్లం. మూడు రోజులకు పరిగెత్తడం మానేశాం.

ఇరవై ఒకటో రోజుకు తొమ్మిది పిల్లలు లేచాయి, రెండు గుడ్లు మురిగిపోయాయి. గంపను ఎండలో దుప్పటి మీద బోర్లించారు. "దొరికింది!" అన్నాడు తాతయ్య. ఎవరూ లేవలేదు. ఆయన మళ్లీ మళ్లీ అరిచి, చివరికి దుప్పటితో సహా మోసుకొచ్చి మా ముందు పరిచాడు. గంప అల్లిక సందులోంచి ఊడిపడ్డ వజ్రం, దానికంటుకున్న చిన్న ఈకతో సహా, అక్కడుంది.

ఆచారి తాత వచ్చి దాన్ని కడిగి, నా కళ్ల ముందే పుడకలో పెట్టి, అంచులు ఒత్తి, "దీన్ని కూడా పొదగడమే అంటారు తల్లీ" అని చూపించాడు. నవ్వలేదు. నేను దొంగనన్నట్టు కూడా చూడలేదు.

తర్వాత పంతులమ్మగా ముప్పై ఏళ్లు పనిచేశాను. పిల్లలు వింతపని చేస్తే, వాళ్ల చెవిన ఏ మాట ఎలా పడిందో ముందు కనుక్కునేదాన్ని. అది ఆయన నేర్పిందే. స్తంభం చాటున నోరు మూసుకుని నిలబడ్డ ఆ కాసేపు మాత్రం ఈ వయసులోనూ గుర్తొస్తే నా చెవులు వేడెక్కుతాయి. ఇంట్లో ఏదైనా కనబడక గొంతులు లేవబోతే, మోకాళ్ల నొప్పులున్నా ముందు నేనే లేచి వెతకడం మొదలుపెడతాను, ఎవరి నోటికీ ఎవరి పేరూ రాకముందే.