పదకొండు అక్షరాలు

పెయింటరు డబ్బాలో ఎర్రరంగు కలుపుతున్నాడు. నిరుటి నుంచి ఆయన చెయ్యి వణుకుతోంది. మందుల షాపు బోర్డు సాయంత్రానికి ఇవ్వాలి. అక్షరం వంకరపోతే ఇక ఎవరూ పని చెప్పరు. కుంచె పట్టే ముందు, రోజూలాగే కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ పదకొండు అక్షరాలకు చెయ్యి నిలబెట్టు."

"అడిగేదేదో ఏడాదికి సరిపడా ఒకేసారి అడగొచ్చుగా!" అంది భార్య.

"ఇవాళ ఉన్నది ఒక్క బోర్డేగా!"

తొమ్మిదో అక్షరం దగ్గర చెయ్యి వణికింది. కుంచె పైకి తీసి, వణుకు తగ్గేదాకా ఆగి, మిగిలినవీ రాశాడు.

రంగు ఆరాక షాపతను వచ్చి చూశాడు. "అచ్చు వేసినట్టుంది బాబాయ్! రేపు ఇంకో బోర్డు రాస్తావా?"

"పొద్దున ప్రభువుని అడిగి చెప్తా," అంటూ పెయింటరు బోర్డు అతని చేతికిచ్చాడు.